ఆట నడుమ నియమము మార్చవచ్చునా?

చదరంగమున ఒకడు గెలుచుచున్నాడనుకొందము. తక్కినవారు కూడి, రేపటినుండి గుఱ్ఱము ఇట్లు నడువరాదు, అట్లు నడువవలెనని నియమము మార్చిరనుకొందము. గెలుచుచున్నవాడు గోలపెట్టును, చూచువారు ముక్కున వ్రేలు వేసికొందురు. ఐతే ఆ గెలుచుచున్నవాడు ఆటను ఆడుటకు గాక, బల్లనే తన యింటికి మోసికొనిపోవుటకు వచ్చినవాడని తేలినచో? అప్పుడు నియమము మార్చినవారిని తప్పుపట్టుదుమా, మెచ్చుకొందుమా?

ఈ ప్రశ్న ఊహకు పుట్టినది కాదు. 2018 ఏప్రిల్ 6వ తేదీన మొనేరో అను క్రిప్టోకరెన్సీని నడుపువారు తమ లెక్కల విధానమును మార్చిరి. బీజింగునందలి బిట్‌మెయిన్ అను సంస్థ అంతకు మూడు వారములు ముందు ఎంతో ఆర్భాటముతో ప్రకటించిన ఒక క్రొత్త యంత్రము, ఆ ఒక్క మార్పుతో, మొనేరో పనికి అక్కరకురాని ఇనుపపెట్టె యయ్యెను. ఇది న్యాయమేనా యని నాటినుండి తర్కము సాగుచునే యున్నది. 2025లో జరిగిన సంగతులు ఆ తర్కమునకు మరల ప్రాణము పోసినవి.

తెలుగు పాఠములు చెప్పుకొనువానికి ఈ గొడవ యేల యని పాఠకులు అడుగవచ్చును. ఇది యంత్రముల కథ మాత్రమే యైనచో నేను కలము పట్టకపోదును. ఉమ్మడి సొత్తును కాపాడు అధికారము ఎవరిది, ఆ అధికారమునకు హద్దు ఎక్కడ అను విచారము ఇందులో నున్నది. శాంతిపర్వము చదువువారికి ఈ విచారము క్రొత్తది కాదు. ఇక ఈ నాణెములను కొనుడని గాని కొనవలదని గాని చెప్పుట నా యుద్దేశము కాదు. అవి మన దేశమున చట్టబద్ధమైన ద్రవ్యము కావనియు, 2022 ఏప్రిల్ నుండి వాటివలన వచ్చు లాభముపై నూటికి 30 వంతున పన్ను కట్టవలసి యున్నదనియు విద్యార్థులు తెలిసికొనినచో చాలును.

మొదట పదముల సంగతి చూతము. ఈ నాణెములను పుట్టించు పనికి ఆంగ్లేయ భాషలో మైనింగు అని పేరు. అనగా గని త్రవ్వకము. చేయువాడు మైనరు. తెలుగునాట మైనరు అనగానే పట్టుచొక్కా తొడిగి, మెడలో గొలుసు వేసి, తండ్రి యాస్తి కరగదీయు జమీందారు బిడ్డ కన్నులకు కట్టును. గనికార్మికుడని తెనిగింతమా, సింగరేణి గనులలో చెమటోడ్చువారికి అది అపచారము. ఇచ్చట త్రవ్వకము లేదు, బొగ్గు లేదు. నిజమునకు ఈ మైనరు చేయునది వెనుకటి కరణము పని. లెక్క వ్రాయుటయే వాని వృత్తి. నోటికి అలవడిన మాట గనుక మైనరు అనియే వాడుదును. పాఠకులు కరణమును తలచుకొందురు గాక.

ఈ జాతి నాణెములకు మొదటిది బిట్‌కాయిను. సతోషి నకమోతో అను మారుపేరుతో వ్రాసినవారు 2008 అక్టోబరు 31న ఒక వ్యాసమును ప్రకటించి, 2009 జనవరి 3న ఆ నాణెమును ఆరంభించిరి. ఇందులో బ్యాంకు లేదు, టంకశాల లేదు. ఎవరు ఎవరికి ఎంత యిచ్చిరో తెలుపు చిట్టా మాత్రమే కలదు. ఆ చిట్టాకు నకళ్లు వేలకొలది కంప్యూటర్లలో నుండును. సుమారు పది నిమిషములకొక క్రొత్త పుట దానికి చేరును. ఆ పుటను బ్లాకు అందురు.

ఊరికి ఒక్క కరణమే యున్నచో వాని కలము ఎటు వంగిన లెక్క అటు వంగును. అందుచేత ఇచ్చట ఎవరైనను కరణము కావచ్చునని ఏర్పాటు చేసిరి. ఐతే ప్రతి పుటకు ఒక పందెము పెట్టిరి. పుటలోని వ్రాతలకు ఏదో ఒక అంకెను జోడించి ఒక నిర్ణీతమైన గణనవిధానములో వేసినచో, హాష్ అను పెద్ద సంఖ్య వచ్చును. ఆ సంఖ్య ఒక మితికి లోబడి యుండవలెను. ఏ అంకె వేసిన లోబడునో ముందుగా చెప్పు ఉపాయము లేదు. ఒక్కొక్క అంకెను వేసి చూచుకొనుటయే గతి. పాచికలు విసరుట వంటిదే. ఎక్కువసార్లు విసరగలవానికి ఎక్కువ అవకాశము. పందెము గెలిచినవాడు పుటను వ్రాసి, కూలిగా క్రొత్త నాణెములు పొందును.

ఇంత శ్రమ వృథాగా ఎందుకని మా విద్యార్థి యొకడు అడిగెను. శ్రమయే ఇచ్చట కావలి. పుట వ్రాయుట సులభమైనచో చెరిపి తిరిగి వ్రాయుటయు సులభమగును. వ్రాసిన పుటపై మరి పది పుటలు పడినవెనుక దానిని మార్చదలచినవాడు ఆ పది పుటల శ్రమను ఒంటరిగా తిరిగి పడవలెను. లోకమంతయు ముందుకు నడచుచుండగా దానిని దాటవలెను. అందరి బలము ఒకవైపు, వాని బలము ఒకవైపు.

కాని ఒక్కని బలమే తక్కిన అందరి బలముకంటె ఎక్కువైనచో ఏమగును? వాడు చాటుగా వేరొక పుటల వరుసను వ్రాసికొని, సమయము చూచి బయటపెట్టును. ఎక్కువ శ్రమగల వరుసయే ప్రమాణమను నియమము గలదు కనుక లోకమంతయు దానినే ఒప్పుకొనవలసి వచ్చును. అంతకుముందు ఒకరికి చెల్లించిన సొమ్మును వాడు చెల్లింపనట్లు మార్చి, ఆ సొమ్మునే మరియొకసారి ఖర్చు పెట్టవచ్చును. ఇతరుల వ్రాతలను చేర్చక త్రోసివేయవచ్చును. ఇతరుల సొమ్మును ఎత్తుకొనిపోలేడు. దానికి వారి రహస్యపు తాళము కావలెను. ఐనను కొన్నవాడు సరకు పుచ్చుకొని, ఇచ్చిన సొమ్మును మాయము చేయగల అంగడిలో వ్యాపారమెట్లు నిలుచును? 2018 మే నెలలో బిట్‌కాయిన్ గోల్డ్ అను చిన్న నాణెమునకు ఇదే దుర్గతి పట్టెను. సుమారు 3,88,000 నాణెములు రెండుమారులు ఖర్చయినవి. నాటి ధరలో అది ఒక కోటి ఎనుబది లక్షల డాలర్లకు దాపు. పగవాడనదగిన మైనరు ఇట్టివాడు.

ఇక యంత్రముల సంగతి. సతోషి వ్యాసమున ఒక ప్రాసెసరుకు ఒక ఓటు అను భావము కలదు. ఇంటింటి కంప్యూటరు ఒక్కొక్క ఓటరు కావలెనని ఆ ఆశ. ఆశ ఎక్కువకాలము నిలువలేదు. బొమ్మలు చూపుటకై కంప్యూటరులో అమర్చు గ్రాఫిక్సు కార్డు ఈ లెక్కను ప్రాసెసరుకంటె ఎన్నో రెట్లు వేగముగా చేయునని 2010 నాటికే తెలిసెను. 2013లో ఏసిక్ అను యంత్రములు వచ్చినవి. వీటిలోని చిప్పునకు ఒక్క లెక్కయే వచ్చును; ఆ ఒక్క లెక్కలో దానికి సాటి లేదు. పలుగుతో మడిని త్రవ్వవచ్చును, గట్టు వేయవచ్చును, పాము కనబడిన కొట్టవచ్చును. చెరకు గానుగ చెరకును మాత్రమే ఆడును. కాని చెరకు ఆడుటలో పలుగు దానితో పోటీ పడగలదా? బిట్‌కాయినులో నేడు గానుగలే మిగిలినవి. వాటన్నిటి వేగము కలిపి 2025లో సెకనుకు ఒకటి ప్రక్కన ఇరువది యొక్క సున్నలు పెట్టిన సంఖ్యను దాటెను. ఇంటి కంప్యూటరు అచ్చట గంగాప్రవాహమున చెంబెడు నీళ్లు.

గానుగలు చేయగల కర్మాగారములు లోకమున వ్రేళ్లమీద లెక్కింపదగినవి. చేయువాడే మొదట తాను వాడుకొని, పాతబడిన పిదప ఇతరులకు అమ్మవచ్చును. మైనరులు పూలు అను జట్లుగా కూడుటయు కలదు. 2014 జూన్ నెలలో జీహాష్ అను జట్టు బలము బిట్‌కాయిను మొత్తములో సగమునకు చేరెను. ఆ జట్టు దౌర్జన్యమేమియు చేయలేదు. ఇకముందు నూటికి నలుబది దాటమని మాట యిచ్చెను. సత్పురుషుల మాటపై ఆధారపడరాదనియే గదా ఈ యేర్పాటంతయు చేసినది!

ఇప్పుడు మొనేరో కథకు వత్తము. ఇది 2014 ఏప్రిల్‌లో పుట్టినది. ఎస్పెరాంటో భాషలో మొనేరో అనగా నాణెము. ఎవరు ఎవరికి ఎంత యిచ్చిరో బయటివారికి తెలియకుండ దాచుట దీని ప్రత్యేకత. క్రిప్టోనైట్ అను దీని గణనవిధానము, ఇంటి కంప్యూటరుకు అనుకూలముగాను గానుగకు ప్రతికూలముగాను ఉండునట్లు కల్పింపబడినది. నాలుగేండ్లు అట్లే గడచెను. 2018 ఆరంభమున గానుగలు వచ్చుచున్నవని అనుమానము కలిగి, ఆరు నెలలకొకసారి జరుగు మార్పులలో గణనవిధానమును కొంచెము కొంచెము మార్చెదమని మొనేరో నిపుణులు ముందుగానే ప్రకటించిరి. మార్చిలో బిట్‌మెయిన్ తన యంత్రమును ప్రకటించెను. ఏప్రిల్ 6న వీరు అన్నమాట నిలుపుకొనిరి.

ఆనాడు జరిగినది ఆలోచింపదగినది. విధానము మారిన వెంటనే మొనేరో మొత్తపు గణనబలము సగమునకు పైగా పడిపోయెను. బిట్‌మెయిన్ యంత్రములు కొన్నవారి ఇండ్లకింకను చేరలేదు. మరి ఆ పడిపోయిన బలము ఎవరిది? ఎవరో కొందరు అట్టి యంత్రములను ఎప్పుడో చేసికొని, నలుగురికి తెలియకుండ ఆడించుకొనుచుండిరన్నమాట. కప్పు లేపి చూచిన గాని క్రింద ఎలుకలెన్ని యున్నవో తెలియలేదు. పాత విధానమును విడువనొల్లనివారు చీలిపోయి, మొనేరో క్లాసిక్, మొనేరో ఒరిజినల్ అను పేర్లతో వేరు కాపురములు పెట్టిరి. ఆ కాపురములు నిలువలేదు.

2018 అక్టోబరులో మరల మార్చిరి. 2019 మార్చిలో మరల మార్చిరి. ప్రతిమారు కొంతకాలమునకు బలము అనుమానాస్పదముగా పెరుగుట, మార్పు జరుగగానే దభాలున పడుట. తాడిని తన్నువాడొకడున్న వాని తలదన్నువాడు మరియొకడు. ఆరు నెలల వ్యవధిలో క్రొత్త చిప్పును గీసి, చేయించి, తెచ్చి వాడగల ధనవంతులు లోకమున గలరని దీనితో రుజువయ్యెను.

ఈ పనిని నేను సమర్థింతును. నా సమర్థనకు కారణములు రెండు. మార్చెదమని ముందుగా చాటించిరి గనుక యంత్రము చేసినవాడు మోసపోతినని చెప్పుకొనుటకు వీలులేదు, తెలిసియే పందెమొడ్డెను. రెండవది, మార్చినవారు ఒకని యంత్రమును త్రోసి మరియొకని యంత్రమును నిలుపలేదు.

ఈ రెండవ సంగతి చిన్నదిగా కనబడవచ్చును గాని అదియే ముఖ్యము. అదే 2018 అక్టోబరు 31న సియాకాయిన్ అను మరియొక నాణెమువారు తమ విధానమును మార్చిరి. అచ్చటను బిట్‌మెయిన్ యంత్రములు పనికిరాకపోయినవి. ఇన్నోసిలికాన్ అను మరియొక సంస్థ యంత్రములును పనికిరాకపోయినవి. కాని ఒబెలిస్క్ అను సంస్థ యంత్రములు మాత్రము పనిచేసినవి. ఆ ఒబెలిస్క్ ఎవరిది? సియాకాయినును నిర్మించినవారి అనుబంధ సంస్థయే! వడ్డించువాడు మనవాడైనచో కడబంతిని కూర్చున్నను కొదవలేదు. ఎదిరి సంస్థలు తమను దెబ్బతీయుటకు వచ్చినవని వారు చెప్పిన మాటలో సత్యము లేకపోలేదు. తమ యంత్రములను ముందుగా కొని, ఆలస్యమువలన నష్టపోయినవారికి న్యాయము చేయవలెననియు వాదించిరి. కాని న్యాయాధిపతియు వాదియు ఒక్కడే యైన సభలో తీర్పు సరియైనదైనను జనము నమ్మరు. మార్పు ఒక్కటే, మొనేరోలో అది కావలి, సియాలో అది కంచె చేను మేయుటవలె కనబడెను.

సరే, మార్పు న్యాయమైనదే యనుకొందము. అది తెలివైన పనియేనా? ఇచ్చట నాకు మొనేరోవారితో కొంత భేదము కలదు.

ఆరు నెలలకొకసారి నియమము మార్చు ఏర్పాటులో ఒక రహస్యమైన అపాయము కలదు. మార్పును వ్రాయువారు ఎవరు? పట్టుమని పదిమంది నిపుణులు. క్రొత్త విధానము ఎట్లుండునో వారికి ముందుగా తెలియును. వారు ఎంత సజ్జనులైనను, ఆ తెలివిడికి వెల కలదు. ఆ వెల చెల్లించుటకు సిద్ధపడువారు కలరు. కరణీకము ఒక్కని చేతిలో నుండరాదని గదా బయలుదేరితిమి! గానుగ యజమానులనుండి తప్పించి నియమకర్తల చేతిలో పెట్టుట పెనము మీదినుండి పొయ్యిలో పడుట కాదా?

ఈ అపాయమును మొనేరోవారే గుర్తించిరనుట వారికి గౌరవము. 2019 నవంబరు 30న ర్యాండమ్‌ఎక్స్ అను క్రొత్త విధానమును ప్రవేశపెట్టి, ఈ మాటిమాటికి మార్చు వాడుకకు స్వస్తి చెప్పిరి. దాని రహస్యము ఉపాధ్యాయులకు సులభముగా బోధపడును. ప్రతి సంవత్సరము ఒకే ప్రశ్న వచ్చునని తెలిసినచో విద్యార్థి ఆ ఒక్క జవాబు వల్లించును. మిగిలిన పుస్తకము తెరువడు. ఏసిక్ అట్టి విద్యార్థి. సంవత్సరమునకు రెండుమారులు ప్రశ్న మార్చినను వాడు గైడు కొని క్రొత్త జవాబును వల్లించును. ఐతే పరీక్షలో కూర్చున్న ప్రతివానికి, ప్రతి నిమిషమునకు, అప్పటికప్పుడు పుట్టిన క్రొత్త ప్రశ్న యిచ్చినచో? పుస్తకమంతయు చదివినవాడే జవాబు వ్రాయగలడు. ర్యాండమ్‌ఎక్స్ చేసినది ఇదే. అందులో ప్రతి పాచిక విసరుటకును కంప్యూటరు ఎనిమిది క్రొత్త ప్రోగ్రాములను వరుసగా నడుపవలెను. అవి యాదృచ్ఛికముగా పుట్టును, ముందుగా తెలియవు. కూడిక, గుణకారము, దశాంశముల లెక్క, జ్ఞాపకములో వెదకుట అన్నియు వాటిలో వచ్చును. రెండు గిగాబైట్లకు పైబడిన జ్ఞాపకశక్తి కావలెను. వీటినన్నిటిని బాగుగా చేయగల చిప్పును ఎవరైన చేసినచో, అది సాధారణమైన ప్రాసెసరే యగును! శత్రువు వచ్చి మన యూరి పౌరుడుగా మారిపోయినట్లు. ప్రవేశపెట్టుటకు ముందు దీనిని నాలుగు స్వతంత్ర బృందములచేత పరీక్షింపజేసిరి. 2023లో బిట్‌మెయిన్ దీనికిని ఒక యంత్రమును తెచ్చెను గాని, అది మేలురకపు ప్రాసెసర్లు సుమారు పది కలిసి చేయుపనిని మాత్రమే చేయగలిగెను. బిట్‌కాయినులో గానుగకును పలుగునకును గల అంతరము ఇచ్చట రాలేదు.

గణనశాస్త్రమున ఇది అందమైన కల్పన. నేనొక చక్కని శ్లేషను చూచి సంతోషించినట్లే దీనిని తెలిసికొని సంతోషించితిని. ఐతే అందమునకు వెల లేకపోలేదు. ఎల్ల కంప్యూటర్లును పనికివచ్చుననగా దొంగిలించిన కంప్యూటర్లును పనికివచ్చును. యజమానికి తెలియకుండ అతని కంప్యూటరులో దూరి, అతని కరెంటుతో మొనేరో లెక్కలు చేయించుకొను దుష్ట ప్రోగ్రాములు చాల గలవు. పాఠశాలలో కంప్యూటరు కారణము లేక వేడెక్కి, నత్తనడక నడచినచో, ఈ సందేహము కూడ పెట్టుకొనుట మంచిది.

అంతకంటె పెద్ద వెల 2025లో తెలియవచ్చెను. ఐయోటా అను నాణెము స్థాపకులలో ఒకడైన సెర్గే ఇవాన్‌చెగ్లో నడుపు క్యూబిక్ అను మరియొక నాణెము కలదు. దాని మైనరులచేత మొనేరో లెక్కలు చేయించి, వచ్చిన మొనేరోను అమ్మి, ఆ సొమ్ముతో తమ నాణెమునే కొని దాని ధరను నిలుపు ఉపాయమును వారు పన్నిరి. దీనివలన మొనేరోను తిన్నగా చేయువానికంటె క్యూబిక్ ద్వారా చేయువానికి ఎక్కువ కూలి దక్కెను. కూలి ఎక్కువైన చోటికి కూలీలు పోవుట లోకసహజము. ఆగస్టు 12న మొనేరో బలములో సగమునకు పైగా తమదేనని క్యూబిక్ వారు చాటిరి. పరిశీలకులు పలువురు ఆ లెక్కను అంగీకరింపలేదు. కాని ఆనాడు మొనేరో చిట్టాలో ఆరు పుటలు తారుమారైన మాట వాస్తవము. సెప్టెంబరు 14న పదునెనిమిది పుటలు తారుమారైనవి; నూటికి పైబడిన చెల్లింపులు చెల్లకుండ పోయినవి. క్రాకెన్ అను పెద్ద మారకపు సంస్థ మొనేరో జమలను కొంతకాలము నిలిపివేసెను. సగము బలము లేకయే ఇట్లు చేయుట సాధ్యమని, దొరికిన పుటలను వెంటనే చూపక దాచి అదనుచూచి బయటపెట్టువాడు తన వంతుకంటె ఎక్కువ లాభము పొందగలడని, కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎయాల్, సిరర్ అను విద్వాంసులు 2013లోనే లెక్కగట్టి చూపియుండిరి.

ఇప్పుడు, మరల గణనవిధానమును మార్చుడని కేకలు వినవచ్చినవి. మార్చిన ఏమగును? 2018లో పగవాని చేతిలో నున్నది గానుగ; ఊరివారి చేతిలో నున్నది పలుగు. విధానము మార్చుటతో గానుగ ఆగెను, పలుగు ఆగలేదు. 2025లో పగవాని చేతిలో నున్నదియు పలుగే! ఏ లెక్క మార్చినను ఊరివారి యంత్రము చేయగలిగినంతయు వాని యంత్రమును చేయును. ఇంటిలో ఎలుకలున్నవని ఇంటికి నిప్పుపెట్టినట్లు, ప్రాసెసర్లను విడిచి వేరొక జాతి యంత్రమునకు మారినచో, ఏడెనిమిదేండ్లుగా నమ్మకముగా లెక్కలు వ్రాసిన వేలకొలది చిన్నవారు ముందుగా మాడిపోవుదురు. గణనవిధానమునకు మనస్సు తెలియదు. యంత్రపు జాతిని అది కనిపెట్టగలదు, యజమాని ఉద్దేశమును కనిపెట్టలేదు. పగ యంత్రములో లేదు, ఉద్దేశములో నున్నది.

గానుగవారి పక్షమున ఒక వాదము కలదు, దానిని త్రోసివేయరాదు. చెరకు గానుగ కొన్నవాడు చెరకుపంట పాడగుటను కోరడు. పంట పోయినచో వాని గానుగ పొయ్యిలోనికే. కాబట్టి వానికి ఆ నాణెము మేలు కోరక తప్పదు. బాడుగ యెడ్లకు ఆ చింత లేదు. ఒక చేను త్రొక్కి మరియొక చేనికి పోవును. బిట్‌కాయిన్ గోల్డ్ చరిత్రయే చూడుడు. దెబ్బతిన్న రెండు నెలలలో, 2018 జూలైలో, వారు విధానమును మార్చుకొనిరి. అదియు గ్రాఫిక్సు కార్డులకు అనుకూలమైనదే. 2020 జనవరిలో మరల అదే దాడి జరిగెను. బాడుగకు దొరకు యంత్రములు ఉన్నంతకాలము చిన్న నాణెమునకు ఆ భయము తప్పదు. వెర్ట్‌కాయిను 2018 డిసెంబరులో దెబ్బతిని, 2019లో విధానము మార్చి, ఆ సంవత్సరము డిసెంబరులోనే తిరిగి దెబ్బతినెను. గానుగ వాదములో లోపము లేకపోలేదు. మేలు కోరుట వేరు, ఊరిని తన గుప్పిట పెట్టుకొనుట వేరు. జమీందారునకును పంట పండుటయే కావలెను గదా!

బిట్‌కాయినువారు ఈ యాయుధమును ఎన్నడును వాడలేదు. 2017లో పుట పరిమాణమును గూర్చి మైనరులకును వాడుకవారికిని వైరము ముదిరినప్పుడు, అవసరమైనచో విధానమునే మార్చెదమని కొందరు బెదిరించిరి. మార్చియున్నచో దుష్టుని యంత్రముతోపాటు శిష్టుని యంత్రమును బూడిద యయ్యెడిది. ఇథీరియము వేరు త్రోవ త్రొక్కెను. 2022 సెప్టెంబరు 15న మైనింగునే మానివేసి, సొమ్ము పూచీ పెట్టినవారే పుట వ్రాయు పద్ధతికి మారెను. దానితో దాని కరెంటు ఖర్చు నూటికి 99 వంతులకు పైగా తగ్గెను. అక్కడ సొమ్ముగలవానిదే కలము. అది వేరొక వ్యాసమునకు తగిన విషయము.

కాబట్టి నా మాట యిది. గణనవిధానమును మార్చుట ఒక ఔషధము. ఒకే రోగమునకు ఔషధము. ఊరివారికి దొరకని యంత్రము ఒకని గుప్పిటలో చేరినప్పుడు, ముందుగా చాటించి, మార్చువారికి లాభము లేకుండ, మరల మార్చవలసిన పని పడనట్లు మార్చుట ధర్మమే. మొనేరోవారు 2018లో ధర్మముగా మొదలుపెట్టి, 2019లో తెలివిగా ముగించిరి. 2025 నాటి రోగము అది కాదు. క్యూబిక్‌ను అడ్డుకొనుటకు, నమ్మకమైన కొన్ని సర్వర్లు ఎప్పటికప్పుడు ఇంతవరకు వ్రాసిన పుటలు స్థిరమని ముద్రవేయవలెనను ప్రతిపాదన వచ్చెను. వచ్చిన తొందర చూచి అట్లు తలచుట సహజము. కాని ముద్ర వేయువాని పేరు మార్చినను వాడు కరణమే. దానికి నేను ఒప్పుకొనను. అదనముగా మరికొన్ని పుటలు పడువరకు సరకు చేతికీయకుండుట వర్తకులకు కొంచెము కష్టము, అంతే. మైనరుల మాట వేరు. పీటూపూల్ అను ఏర్పాటు 2021 నుండి మొనేరోలో కలదు. అందులో చేరినవారు జట్టుగా కూలి పంచుకొందురు గాని, జట్టుకు పెద్ద యుండడు. ఎవరి పుటను వారే వ్రాసికొందురు. పెద్ద పూలులను విడిచి అందులో చేరుటకు క్రొత్త యంత్రము కొననక్కరలేదు, నియమమేదియు మార్చనక్కరలేదు. ఇంటిలోనున్న కంప్యూటరు చాలును.